దొరగారి చుండ్రు

రఫూ మాస్టారి కళ్ళ గురించి ఆ వీధిలో కథలు కథలుగా చెప్పుకుంటారు. కోటు మోచేతి దగ్గర నిప్పురవ్వ పడి చిల్లు పడిందనుకోండి. అదే కోటు లోపలి మడతలోంచి నాలుగు పోగులు లాగి, నిలువు పోగు నిలువుగానూ అడ్డ పోగు అడ్డంగానూ అల్లేసి, తీసుకోవడానికొచ్చిన మనిషి చేతిలో పెట్టి, "ఎక్కడుందో చూపించండి చూద్దాం" అంటారాయన. ఆ మనిషి కోటు అటు తిప్పి, ఇటు తిప్పి, కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూసి, చివరికి చిల్లు పడింది కుడి మోచేతికా ఎడమ మోచేతికా అన్నది కూడా మరిచిపోయి ఇంటికెళ్తాడు. ఈ ముచ్చట కోసమే ఆయన పని చేస్తారని మాస్టారి భార్య గట్టి నమ్మకం.

అంతటి కళ్ళున్న మనిషి, సొంత ఇంట్లో, చెయ్యి చాపితే అందేంత దూరంలో జరుగుతున్నదాన్ని మూడు నెలలపాటు చూడలేదు. కనబడక కాదు. చూడకూడదని చూడలేదు. అది చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

వాళ్ళది తాళాలు చేసే కొట్టు పైన మూడు గదుల వాటా. వీధివైపు గది మాస్టారిది. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద సూదుల పెట్టె, రంగురంగుల పోగులు చుట్టిన అట్టముక్కలు, కంటికి తగిలించుకునే భూతద్దం. గోడ పొడవునా ఇనుప కడ్డీ, దానికి చిల్లులు పడ్డ ఉన్ని కోట్లు, చిరుగులు పడ్డ శాలువలు. నలభై రెండేళ్ళుగా ఆయన ఆ బల్లనే అంటిపెట్టుకుని ఉన్నారు. భార్య బడి ఆఫీసులో గుమాస్తా, పొద్దున్నే వెళ్ళి సాయంత్రం వస్తుంది. కాబట్టి పగలంతా ఇంట్లో ఉండేది ముగ్గురే: మాస్టారు, ఆయన అక్క, దొరగారు.

అక్క ఆయనకన్నా నాలుగేళ్ళు పెద్ద. పుస్తకాలు కుట్టే కార్ఖానాలో ముప్ఫై ఒక్క ఏళ్ళు కాగితాలు మడిచిన మనిషి. మడత మీద గోరు పెట్టి నొక్కీ నొక్కీ, కుడి బొటనవేలి గోరు చదునైపోయింది. భర్త పోయాక తమ్ముడి దగ్గరికి వచ్చింది. వచ్చిన రోజునే, "నేను మీ ఇంట్లో ఉండటానికి రాలేదు, నా ఇంట్లో మీరుంటున్నారనుకోండి" అని మరదలితో అంది. ఆ మరదలు కూడా తక్కువది కాదు. "అయితే చీపురెక్కడుందో మీకే తెలియాలి వదినా" అంది. ఆ క్షణం నుంచి వాళ్ళిద్దరికీ పొత్తు కుదిరిపోయింది. ఆవిడ రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషన్ మాటెత్తితే, "చూడాల్సినవన్నీ చూసేశాను" అని తప్పించుకుంటుంది. దగ్గరి వస్తువులు ఆవిడకి మసక.

ఇక దొరగారంటే కుందేలు. ఒకావిడ బాగుచేయించుకోవడానికి స్వెటర్ ఇచ్చి, దాన్ని తీసుకోవడానికి వచ్చినప్పుడు కుందేలుని వెంట తెచ్చింది. వేరే ఊరికి బదిలీ అయిందట, రెండు వారాల్లో వచ్చి తీసుకుపోతానంది. రెండేళ్ళయింది. బూడిద రంగు ఒళ్ళు, గొంతు కింద తెల్లటి మచ్చ. పిలిస్తే రాదు, వస్తే వెనక్కి తిరిగి కూర్చుంటుంది, గిన్నెలో ఆకు ఆలస్యమైతే వెనక కాలు నేలకేసి ఠపీమని కొడుతుంది. ఇంత దర్జా చూసి "దొరగారు" అని పేరు పెట్టింది అక్కే. మాస్టారు పాత కోట్ల పెట్టె ఒకదాని పక్కపలక కోసి, దొరగారికి బంగళా కట్టించారు. అయినా దొరగారి మకాం అక్క ఒళ్ళోనే. పొద్దున టీ దగ్గర్నుంచి పొద్దువాలేదాకా, రేడియో వింటూ అక్క, అక్క మీద దొరగారు.

చలి మొదలైన రోజుల్లో ఒకనాడు, అక్క టీ గ్లాసు కింద పెట్టి, ముంజేయి రుద్దుకుంటూ, "ఒరే, ఒంటి మీద ఏదో పాకుతున్నట్టుందిరా" అంది.

మాస్టారి చేతిలో సూది ఆగిపోయింది. తల మాత్రం ఎత్తలేదు.

"చలికాలం కదక్కా, ఒళ్ళు పొడిబారుతుంది. నూనె రాసుకో."

సూది ఎందుకు ఆగిందంటే, ఆ మాట అక్కాతమ్ముళ్ళిద్దరూ పాత ఇంట్లో ఇదివరకు విన్నదే. వాళ్ళమ్మ మొదట అన్నదీ ఇదే. చివరి రెండేళ్ళూ ఆవిడ మంచం మీద కూర్చుని, "చీమలు, చీమలు" అంటూ చేతులు దులుపుకునేది, దుప్పటి గిల్లేది. అక్క ఆవిడ చేతులు తడిగుడ్డతో తుడిచి, "పోయాయమ్మా, అన్నీ పారేశాను" అనేది. మాస్టారు మాత్రం, "ఏమీ లేవమ్మా, నీ భ్రమ" అనేవారు. ఏ మాటకీ ఆవిడ చీమలు పోలేదు. కొన్నాళ్ళకి కూతురు ఎవరో తెలియలేదు, తర్వాత కొడుకు ఎవరో తెలియలేదు, డెబ్బై రెండో ఏట పోయింది. అక్కకిప్పుడు అరవై తొమ్మిది నిండాయి.

అందుకే అక్క మాట విన్న క్షణంలో, అక్కకీ తమ్ముడికీ ఒకే ఆలోచన వచ్చింది. ఇద్దరూ పైకి అనలేదు. మరి ఇలాంటివి పైకి ఎవరంటారు?

నెల తిరిగేసరికి ఆవిడ ముంజేతుల మీద ఎర్రటి పొక్కులు. మాస్టారి భార్య చూసి, "ఏవండీ, వదిన చేతులు చూడండి, ఎలా ఉన్నాయో" అంది.

"గోకితే ఎర్రబడక ఏమవుతాయి?" అన్నారాయన, కోటు మీంచి కళ్ళు తిప్పకుండా.

చర్మం డాక్టరు, వయసు మీద పడితే ఇంతేనని ఒక పూత మందు రాసిచ్చాడు. పూత పూశారు. దురద కూడా దాని పని అది చేసుకుపోయింది. అక్క రోజుకి మూడుసార్లు దుప్పటి దులపడం మొదలుపెట్టింది. దుప్పటి దులుపుతున్న అక్కని తలుపు సందులోంచి చూసి మాస్టారు చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశారు. ఆ సాయంత్రం భార్య గొంతు తగ్గించి, "ఏమంటారు, ఒకసారి మనసు డాక్టరుకి చూపిద్దామా?" అంటే, ఆ మాట తన నోటినుంచి రానందుకు ఆయనకి ప్రాణం తేలికపడింది. అంత పిరికితనం ఆయనలో ఉందని కోట్లవాళ్ళెవరికీ తెలియదు.

మనసు డాక్టరు పెద్దమనిషే. ఓపిగ్గా మాట్లాడాడు. ఈరోజు ఏ వారం, ఏ తేదీ అని అడిగాడు. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు పేజీలు లెక్కపెట్టిన మనిషికి ఏడో ఎక్కం ఒక లెక్కా! టకటకా రెండు దాకా దిగి, "ఇంకా కిందికి పోమంటావా నాయనా?" అంది. డాక్టరు నవ్వాడు. నవ్వుతూనే, "లేనివి పాకుతున్నట్టు అనిపించడం ఈ వయసులో ఉండొచ్చు, కొన్నాళ్ళు వాడి చూద్దాం" అని అరముక్క మాత్ర రాశాడు.

ఆ అరముక్కతో మధ్యాహ్నం అయ్యేసరికి అక్క కుర్చీలోనే జోగేది. రేడియో దాని మానాన అది వాగుతూ ఉండేది. దురద తగ్గిందా అని అడిగితే, "ఆఁ, పర్లేదు" అనేది. గోకడం మానలేదు, చెప్పడం మానేసింది. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు. చూశారా, మనకి కావాల్సింది జబ్బు తగ్గడం కాదు, మాట తగ్గడం!

ఒకరోజు రేడియోలో బ్యాటరీలు మార్చబోయి మాస్టారు దాన్ని ఎత్తితే, కింద మడత పెట్టిన కాగితాలు కనిపించాయి. అక్క చేతిరాత. రోజూ పొద్దున రాసిన కాగితాలు. పైన తేదీ, వారం. కింద కార్ఖానాలో తనతో పనిచేసిన వాళ్ళ పేర్లు వరసగా, ఎవరెవరు ఏ బల్ల దగ్గర కూర్చునేవారో ఆ క్రమంలో. పదహారు మంది. నిన్నటి కాగితంలో పదకొండో పేరు దగ్గర ఖాళీ వదిలి ఉంది. ఇవాళ్టి దాంట్లో అదే పేరు గట్టిగా, పెన్ను కాగితంలో దిగిపోయేంత గట్టిగా రాసి ఉంది. తనకి మతి ఉందో పోతోందో అక్క రోజూ తనే పరీక్ష పెట్టుకుంటోంది. మాస్టారు కాగితాలు ఎలా ఉన్నవి అలా మడిచి పెట్టేసి, బ్యాటరీలు మార్చడం మరిచిపోయి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. ఆ రోజు ఆయన వేసిన పోగులు రెండు వంకరపోయాయి. విప్పి మళ్ళీ వేశారు.

అప్పుడు కూడా చూడలేదండీ. అక్క చేతిని ఒక్కసారి కిటికీ వెలుతురులోకి లాగి, తిన్నగా చూసి ఉంటే సరిపోయేది.

ఇదిలా ఉండగా దొరగారి వీపు మీద తెల్లటి పొడి బయటపడింది. రెండు భుజాల మధ్య దట్టంగా, తోక వైపు పలచగా. అక్క నల్ల శాలువ మీద కూడా రాలుతోంది. "దొరగారికి చుండ్రు పట్టిందండోయ్" అని మాస్టారి భార్య నవ్వింది. మాస్టారు వేలితో బొచ్చు పాయ తీసి, పొడి వేలికి అంటించుకుని, రెండు వేళ్ళ మధ్య నలిపి, వెంటనే తేల్చేశారు.

"చిమ్మెట."

ఉన్నిని కొరికే పురుగు చిమ్మెట. రఫూ పనివాడికి ఆగర్భ శత్రువు. ఉన్ని మీద తెల్లపొడి కనిపిస్తే అది చిమ్మెట పనేనని ఆయన నిద్రలో లేపి అడిగినా చెబుతారు. భూతద్దం పక్కనే ఉంది. తగిలించుకుని ఒక్క నిమిషం చూస్తే, ఆ పొడిలో కొన్ని రేణువులు వాటంతటవే నడుస్తున్నాయని తెలిసేది. కానీ నలభై రెండేళ్ళ అనుభవం కదా! అనుభవం ముదిరితే వచ్చే తంటా ఇదే, చూడక్కర్లేదనిపిస్తుంది. పైగా దీనికీ అక్క దురదకీ సంబంధం ఉందేమోనన్న ఊహ ఒకటి తలెత్తబోతే, దాన్నీ ఆయన అనుభవమే నొక్కేసింది. చిమ్మెట ఉన్నిని తింటుంది గానీ, మనిషిని కుట్టదు. ఎంత చక్కగా తెలుసో చూడండి.

చిమ్మెటకి మందు ఆయనకి తెలియనిదా? కలరా ఉండలు. పది తెల్లటి ఉండలు పలచటి గుడ్డలో మూటకట్టి, దొరగారి పెట్టె లోపల పైకప్పుకి వేలాడదీశారు. చలికని కిటికీలు మూసే ఉన్నాయి. కోటుకి మంచిదైనది కుందేలుకి కాకుండా పోతుందా, అదీ ఉన్నే కదా, అనుకున్నారు పాపం. బట్టలూ బతికున్న జీవమూ ఒకటి కాదని ఎవరైనా పక్కనుంటే చెప్పేవారేమో. భార్య ఆఫీసులో ఉంది. అక్క అరముక్క మాత్ర మత్తులో ఉంది.

రెండో రోజు పొద్దున గిన్నెలో ఆకు ఎలా పెట్టింది అలాగే ఉంది. దొరగారు మూల ముడుచుకుని, కళ్ళు సగం మూసి, పళ్ళు కొరుకుతోంది. ఆకు ముక్కు దగ్గర పెడితే మొహం తిప్పుకుంది. అక్క దాని పొట్ట మీద చెయ్యి వేసి చూసి, మత్తంతా ఒక్కసారి వదిలిపోయినట్టు లేచింది.

"ఒరే, లే. దీని పొట్ట రాయిలా ఉంది. ఆసుపత్రికి పోదాం."

"సాయంత్రం దాకా చూద్దామక్కా."

"నువ్వు చూసే మనిషివే అయితే నాకీ ఖర్మేంటి! లే ముందు."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. వెంటనే చెప్పులేసుకున్నారు. శాలువలో చుట్టిన దొరగారిని గుండెకి హత్తుకుని అక్క, ఆవిడ మోచెయ్యి పట్టుకుని తమ్ముడు, బస్సెక్కి నాలుగు స్టాపుల అవతలున్న పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

డాక్టరమ్మ చిన్నదే, ముప్ఫై దాటి ఉండవు. శాలువ విప్పగానే ముక్కు ఎగబీల్చింది.

"ఇదేంటమ్మా, బీరువా తెరిచినట్టు వాసనొస్తోంది?"

మాస్టారు మొత్తం చెప్పారు. చిమ్మెట, ఉండలు, మూట, ఏదీ దాచలేదు. చెబుతున్నకొద్దీ ఆ అమ్మాయి మొహం మారిపోయింది.

"అది విషం మాస్టారూ. అంత చిన్న పెట్టెలో ఆ గాలి పీలుస్తూ రెండు రోజులుందా? కుందేలు ఒక పూట తినకపోతేనే పేగు ఆగిపోతుంది, ఆగితే ప్రాణం మీదకొస్తుంది. ముందు దీన్ని బతికించుకుందాం. చర్మం సంగతి తర్వాత."

అక్క ఆయన్ని ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండునని ఆయనకి చాలాసార్లు అనిపించింది.

సాయంత్రం దాకా దొరగారికి వెచ్చటి గుడ్డల మధ్య సూదులతో నీళ్ళు ఎక్కించారు, పేగు కదలడానికి మందిచ్చారు. ఇంటికి తెచ్చాక మూడు గంటలకోసారి, గడ్డిపొడి నీళ్ళలో జావలా కలిపి, సూది లేని సిరంజితో బుగ్గ పక్కనుంచి కొంచెం కొంచెం పట్టించాలి. పెట్టెని వీధిలోకి గెంటేశారు, కిటికీలన్నీ బార్లా తెరిచారు. సన్నటి సూదిలో సన్నటి దారం ఎక్కించే చేతులు కదా, సిరంజి పట్టడంలో మాస్టారికి సాటి లేదు. అక్క దొరగారిని ఒళ్ళో పట్టుకుంటే ఆయన చుక్క చుక్కగా పోసేవారు. మూడో రోజు పొద్దున అక్క గావుకేక పెట్టింది. మాస్టారి భార్య చేతిలో దువ్వెనతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది వదినా?"

"పెంటికలు! నాలుగేసింది! ఒకటీ రెండూ కాదమ్మాయ్, నాలుగు!"

ముగ్గురూ నేల మీద వంగి ఆ నాలుగు పెంటికలని అపురూపంగా చూశారు. ఆ మధ్యాహ్నం దొరగారు ఆకు ముట్టి, గిన్నె ఖాళీ కాగానే కాలు నేలకేసి కొట్టారు.

మర్నాడు మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. పొట్ట తడిమి, బరువు చూసి, గండం గడిచిందని చెప్పింది. అప్పుడు చర్మం వైపు తిరిగింది. వీపు మీద బొచ్చు పాయ తీసి, పారదర్శకంగా ఉండే అతుకు టేపు ముక్క ఒకటి ఒత్తి లాగి, గాజు పలక మీద అంటించి, మైక్రోస్కోపు కింద పెట్టింది. ఒక నిమిషం చూసింది. చూస్తూ చూస్తూనే, తల ఎత్తకుండా, మామూలుగా అడిగింది.

"ఇంట్లో ఎవరికైనా దురద ఉందా? చేతుల మీద, పొట్ట మీద, దీన్ని ఎత్తుకునే చోట ఎర్రటి పొక్కులు? ఏదో పాకుతున్నట్టు ఉంటుంది."

అక్క నెమ్మదిగా స్వెటర్ చేతులు రెండూ మోచేతుల దాకా పైకి లాగి, చేతులు బల్ల మీద పెట్టింది.

డాక్టరమ్మ వంగి చూసింది. "అయ్యో! ఎన్నాళ్ళుగా?"

"మూడు నెలలు."

"ఇదే అమ్మా. కుందేలు బొచ్చులో ఉండే పురుగు. కంటికి చుండ్రులా కనిపిస్తుంది గానీ, నడుస్తుంది. మనుషుల మీద కాపురం పెట్టదు, కుట్టి పోతుంది. దీనికి తగ్గితే మీకూ తగ్గిపోతుంది."

"డాక్టరమ్మా," అంది అక్క. "ఇంకోసారి చెప్పవా?"

"ఏం చెప్పమంటారు?"

"ఉన్నాయని."

ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. అయినా చెప్పింది. "ఉన్నాయమ్మా. నిజంగా ఉన్నాయి. కావాలంటే చూడండి." మైక్రోస్కోపు అక్క వైపు తిప్పి, అక్క మసక కళ్ళకి తగ్గట్టు మర తిప్పి తిప్పి సరిచేసింది. ఎనిమిది కాళ్ళతో, అంత లావున, టేపు జిగురులో కొట్టుకుంటున్న పురుగు అక్కకి కనిపించింది. అక్క పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ చూసింది, మళ్ళీ నవ్వింది.

"పురుగులు పట్టాయంటే ఇంత సంతోషపడ్డ మనిషిని నేను చూళ్ళేదు" అంది డాక్టరమ్మ.

మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. ఆయన్ని మైక్రోస్కోపులో చూడమని ఎవరూ అనలేదు.

వైద్యం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మెడ వెనక, నాలుక అందని చోట, బరువుని బట్టి లెక్కకట్టిన మందు చుక్కలు. ఆ మందుకి పురుగు చస్తుంది గానీ గుడ్డు చావదు. అందుకని రెండేసి వారాల ఎడంతో మూడుసార్లు వెయ్యాలి, మధ్యలో తగ్గినట్టు కనిపించినా మానకూడదు. స్నానం చేయించకూడదు, ఆ భయానికే పోవచ్చు. కుక్కలకి వాడే మందు కొట్లో దొరుకుతుంది కదా అని తెచ్చి వేయకూడదు, వాటిలో కొన్ని కుందేలుని చంపేస్తాయి. డాక్టరమ్మ ఈ మాట మాస్టారి మొహంలోకే చూసి, రెండుసార్లు చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపారు. దుప్పట్లూ శాలువలూ మరిగే నీళ్ళలో ఉడికించి ఎండలో వేశారు. అట్టపెట్టెలన్నీ పారేశారు. కుర్చీ మెత్తలు, తివాచీ, మంచం సందులు రోజూ దులిపి, ఊడ్చి, తుడిచారు.

ఇక కోట్లు. వీధి గదిలో పదిహేడు ఉన్నాయి. మాస్టారు వాటిని మూతి బిగించిన సంచుల్లో కట్టేసి, ఒక్కొక్కరికీ కబురు పెట్టారు: మూడు వారాలు ఆలస్యమవుతుంది, మా ఇంట్లో పురుగు పడింది. నలభై రెండేళ్ళలో ఆయన నోటినుంచి ఇలాంటి మాట రాలేదు. ఇద్దరు కోట్లు వెనక్కి తీసుకుపోయారు. అక్కకి మాత్రం పట్టపగ్గాలు లేవు. కిందికి దిగితే తాళాలాయన్ని ఆపి, "పురుగులేనయ్యా! డాక్టరమ్మ కళ్ళారా చూపించింది" అనేది, ఇంట్లో పెళ్ళి కుదిరినంత సంబరంగా. మనసు డాక్టరు దగ్గరికి తనే స్వయంగా వెళ్ళి చెప్పొచ్చింది. ఆయన మాత్రని మెల్లగా తగ్గించి ఆపించాడు. రేడియో కింద పెట్టే కాగితాలు రాయడం మానేసిందో లేదో మాస్టారికి తెలియదు. ఆ రేడియో మళ్ళీ ఎత్తడానికి ఆయనకి ధైర్యం చాలలేదు.

మూడో విడత చుక్కలు వేసే రోజు వచ్చింది. మధ్యాహ్నం, భార్య ఆఫీసులో ఉంది. అక్క కిటికీ దగ్గర కుర్చీలో దొరగారిని పట్టుకుని కూర్చుంది. ఆవిడ చేతులు నున్నగా మానిపోయాయి. మాస్టారు మెడ మీద బొచ్చు పాయ తీసి చుక్కలు వేసి, మూత బిగించారు. అక్క వదల్లేదు, దాని చెవులు నిమురుతూ కూర్చుంది.

"ఒరే, అమ్మ చేతులు నువ్వెప్పుడైనా చూశావా?"

"అమ్మ చేతులా?"

"చీమలు చీమలనేది కదా. నువ్వు లేవనేవాడివి. నేను పోయాయనేదాన్ని. ఇద్దరం ఆవిడ మొహం చూసి చెప్పినవాళ్ళమే. చెయ్యి చూసి చెప్పింది ఒక్కరోజు కూడా లేదు."

మాస్టారు గుర్తు తెచ్చుకోవడానికి చూశారు. అమ్మ మంచం గోడవార ఉండేది. గోడకి అవతల వంటగది. గోడలో బీట ఉండేదా? ఉండేదనిపించింది. మంచం పక్కన చక్కెర నీళ్ళ గ్లాసు ఎప్పుడూ ఉండేది, అది మాత్రం ఖాయం. అమ్మకి మతి పోయింది నిజమే, అందులో అనుమానం లేదు, మనుషుల్ని మరిచిపోయింది. అయినంత మాత్రాన చీమలు కుట్టవా? తెలుసుకునే దారి ఇక లేదు. ఆ దుప్పటి లేదు, ఆ మంచం లేదు, ఆ చేతులు లేవు. దారం పోగు ఎక్కడ తెగిందో చెప్పగలిగిన మనిషి, రెండేళ్ళపాటు పక్కనే కూర్చుని, తల్లి చెయ్యి చూడలేదు. ఆయనకి ఏడుపొచ్చింది. అరవై అయిదేళ్ళ మనిషి, అక్క ముందు చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"నాకు భయమేసిందక్కా. నీ చెయ్యి చూసి, దాని మీద ఏమీ లేకపోతే... ఇక నువ్వూ అమ్మలాగే అని తేలిపోతుంది కదా. అందుకే చూళ్ళేదు. కళ్ళుండి చూళ్ళేదు."

"తెలుసురా. నేను మాత్రం నీకు చూపించానా? డాక్టర్లకి చూపించాను, మీ ఆవిడకి చూపించాను, కింద తాళాలాయనకి కూడా చూపించాను. నీకు చూపించలేదు. నీ కళ్ళకి కనబడకపోతే ఇక లేనట్టే అని నాకూ భయమే."

కింద తాళాల కొట్లో ఆకురాయి చప్పుడు వినిపిస్తోంది. దొరగారు అక్క ఒళ్ళో అటునుంచి ఇటు తిరిగి, ఇద్దరికీ వీపు పెట్టి కూర్చుంది.

"ఈసారికి పురుగులు దొరికాయి" అంది అక్క. "రేపెప్పుడో నాకు నిజంగానే అమ్మలా వస్తుందేమో, ఎవరికి తెలుసు? వచ్చిన రోజున కూడా ముందు చెయ్యి చూడు. చూశాక ఉన్నాయంటావో, లేవంటావో, నీ ఇష్టం. ఏదన్నా నేనేమీ అనుకోను."

"చూస్తాను."

"అప్పటికి నువ్వెవరో నాకు తెలియకపోయినా."

"చూస్తానన్నాను కదక్కా." మాస్టారు మొహం తుడుచుకున్నారు. అడగలేక అడగలేక అడిగారు. "మరి నాకొస్తే?"

అక్క ఆయన కుడిచేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని, కిటికీ వెలుతురులోకి లాగి, మసక కళ్ళు చికిలించి, మణికట్టు నుంచి మోచేతి దాకా మెల్లగా చూసుకుంటూ పోయింది.

"నేనూ చూస్తాను. నాకేం కనబడి ఛస్తుంది! అయినా చూస్తాను."